కట్టు విప్పిన తరువాత – మన మూడు ఊళ్లలో దారి ప్రమాదములు, వైద్యము

ఈ సంచికకు ఏదైన వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట తోచినవి ఆలయముల శంకుస్థాపనలు, గురువుల బదిలీలు, పాఠశాలల పేర్లు. వాటిని మాకంటె బాగుగా ఎరిగినవారు వ్రాస్తారు. వ్రాయాలి కూడ. మేము మరొక చరిత్రను పట్టుకొన్నాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల – ఈ మూడు ఊళ్ల చుట్టుప్రక్కల దారిన నడిచిపోయే మనిషి బండి క్రిందనో, బస్సు క్రిందనో, లారీ క్రిందనో పడి గాయపడితే అతనిని ఎక్కడికి మోసుకొని పోయారు, ఎవరు చూశారు, కట్టు కట్టి ఇంటికి పంపిన తరువాత అతని గతి ఏమయినది అన్న చరిత్ర. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు చాలవరకు దొరుకుతాయి. మూడవదానికి కాగితములు లేవు. అది మన ఇండ్లలో, నులకమంచముల మీద ఉన్నది.

మాలో కొందరము ఆదివారము ఆరాధన అయిన తరువాత రోగులను చూచి వచ్చే అలవాటు గలవారము. ప్రమాదము జరిగిన మొదటి వారములో ఆసుపత్రి వరండాలో కాలు పెట్టడానికి చోటుండదు. అన్నదమ్ములు, వియ్యంకులు, ఊరి పెద్దలు, రొట్టెలు, చీనీకాయలు, హార్లిక్సు సీసాలు. ఆరు వారములు గడిచిన తరువాత ఇంటికి పోయి చూస్తే మంచము మీద అతడొక్కడే ఉంటాడు. భార్య కూలికి పోయి ఉంటుంది, పిల్లలు బడికి. "ఎట్లుండావు నాయనా?" అని అడిగితే "ఏముండాదయ్యా, కట్టు ఇప్పినారు, కాలు మాత్రం మడ్సేకి రాలే" అంటాడు. ఈ మాట ఎన్ని ఇండ్లలో విన్నామో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టవలసినదని ఇప్పుడు తోస్తున్నది.

మన జిల్లాలో లండను మిషను పని 1822లో కడపలో మొదలయినది. ఆనాడు దారి ప్రమాదమంటే ఎద్దు బెదిరి బండి బోల్తాపడడము, జట్కా చక్రము కాలి మీద పోవడము, ఏరు దాటుతూ కొట్టుకొనిపోవడము. తరువాత మద్రాసు రైలుమార్గము మన జిల్లా గుండా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. అది కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయినదే గాని ప్రొద్దుటూరును, జమ్మలమడుగును, పులివెందులను తాకలేదు. ఎర్రగుంట్ల నుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు ప్రయాణికుల రైలు 2016 ఆగస్టులో గాని నడవలేదు. పాఠకులు ఈ తేదీని కొంచెము మనస్సులో ఉంచుకోవాలి. ఇన్ని సంవత్సరములు మన ప్రత్తి, మన బండలు, మన చీనీకాయలు, మన మనుషులు అందరూ రోడ్డు మీదనే పోయారు. మన రోడ్ల మీద రద్దీ ఎక్కువ కావడానికి ఇది కూడ ఒక కారణము.

పంతొమ్మిదవ శతాబ్దము చివర జమ్మలమడుగులో డాక్టరు టి.వి. కాంబెల్ గారు లండను మిషను తరఫున వైద్యసేవ సాగించారు. ఆయన ఐర్లండు దేశస్థుడు. రోగులను చూడగా మిగిలిన సమయములో పురుగులను సేకరించే అభిరుచి గలవారు. తరువాత మైసూరు సంస్థానములోని చిక్కబళ్లాపురములో కూడ ఆసుపత్రి పని చేపట్టారు. జమ్మలమడుగు ఆసుపత్రికి ఆయన పేరే నిలిచినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత అది మన సంఘపు ఆసుపత్రి అయినది. చుట్టుప్రక్కల గ్రామముల వారికి అది 'మిషను ఆసుపత్రి' మాత్రమే. మంచమును తలక్రిందులు చేసి, నాలుగు కోళ్లకు త్రాళ్లు కట్టి, మనిషిని అందులో పరుండబెట్టి మోసుకొనివచ్చే రోజులలో ఆ రెండు మాటలకు ఎంత విలువయో చెప్పనక్కరలేదు.

దాదాపు ఆ సంవత్సరములలోనే లండనులో ఒక సంగతి జరిగినది. 1896 ఆగస్టు 17న క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో నడిచిపోతున్న బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే స్త్రీ మోటారు బండి తగిలి చనిపోయినది. బ్రిటనులో మోటారు బండి తగిలి చనిపోయిన మొదటి పాదచారి ఆమెయే అంటారు. విచారణ జరిపిన అధికారి ఇటువంటిది మరల జరుగకూడదని ఆశపడ్డాడట. ఆ ఆశ ఏమయినదో చూడండి: 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోగా వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారే. కాలు పోయి, నడుము పోయి, చూపు మందగించి బ్రతికి ఇల్లు చేరిన పాదచారులు ఈ అంకెలో లేరు. మా వ్యాసము వారి గురించి.

ఆ పాతకాలపు వైద్యమును గూర్చి ఒక సంగతి గమనించాము. తొడ ఎముక విరిగినవానిని ఆనాడు ఆసుపత్రిలోనే మూడు నెలలు పరుండబెట్టేవారు. కాలికి బరువు కట్టి, మంచము చివర కప్పీ మీదుగా వ్రేలాడదీసి, ఎముక తనంతట తాను అతుక్కొనేవరకు కాచుకొని ఉండేవారు. ఇంటివారు ఆవరణలో చెట్ల క్రింద పొయ్యి పెట్టుకొని వండుకొనేవారు. విసుగు పుట్టించే వైద్యమే. అయితే ఆ మూడు నెలలలో నర్సమ్మ ప్రతి దినము చూచేది, పుండు పడకుండ ఒత్తిగిలబెట్టేది, కట్టు విప్పిన తరువాత కర్ర చేతికిచ్చి వరండాలో నడిపించేది. తరువాతి వైద్యమని వేరుగా ఒకటి లేదు. అంతా ఒకే మంచము మీద జరిగిపోయేది.

తరువాత విద్య పెరిగినది. మొదటి ప్రపంచ యుద్ధములో తొడ ఎముక విరిగిన సిపాయిలలో నూటికి ఎనభైమంది చనిపోతుండగా, హ్యూ ఓవెన్ థామస్ కనిపెట్టిన ఇనుపచట్రమును గాయపడిన చోటనే కాలికి బిగించడము మొదలుపెట్టిన తరువాత ఆ చావులు పదహారుకు దిగినవని చెబుతారు. రెండవ యుద్ధకాలములో జర్మనీ వైద్యుడు కుంట్షర్ విరిగిన ఎముక గూడులోనికి ఉక్కు కడ్డీ దూర్చి నిలబెట్టే పద్ధతిని లోకమునకు చూపించాడు. కడ్డీలు, పలకలు, మరలు మన ఆసుపత్రులకు కూడ వచ్చినవి. మూడు నెలల పడక పది దినములకు తగ్గినది. ఇది మేలే. అందులో సందేహము లేదు. అయితే ఆసుపత్రిలో తగ్గిన ఎనభై దినముల పని ఎక్కడికి పోయినది? ఇంటికి పోయినది. ఇంటిలో నర్సమ్మ లేదు. మా వ్యాసమంతటిలో మేము చెప్పదలచిన చరిత్ర ఏదైన ఉంటే అది ఇదియే.

రోడ్డు కథకు వస్తాము. రెండవ ప్రపంచ యుద్ధకాలములో పెట్రోలు కరువయి బొగ్గు బస్సులు నడిచినవి. వెనుక కొలిమి వంటిది రాజవేసికొని, పొగ క్రక్కుతూ మెల్లగా పోయే ఆ బండి తగిలి కాలు విరగాలంటే నిజముగా దురదృష్టము ఉండాలని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. 1958 జనవరిలో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. తరువాత లారీల కాలము. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రక్కల కడప బండల గనులు, సిమెంటు కర్మాగారములు, 1990ల నుండి ముద్దనూరు వైపు థర్మలు విద్యుత్ కేంద్రము; ప్రొద్దుటూరులో ప్రత్తి, బంగారు వ్యాపారము; పులివెందుల వైపు అరటి, చీనీ తోటలు. వీటన్నిటికి లారీ కావాలి. అదే దారిన తెల్లవారుజామున కలుపుకు పోయే ఆడవారు, గొర్రెల మంద, పాలక్యాను మోసే మనిషి, బడిపిల్లలు కూడ పోవాలి. రోడ్డు వెడల్పు అయినది, నల్లగా నున్నగా అయినది. వాహనము వేగము పెరిగినది. దాటవలసిన దూరము కూడ పెరిగినది. నడిచేవాని కాలు మాత్రము పాత కాలే.

నడిచేవానికి తగిలే దెబ్బకు ఒక క్రమము ఉన్నదని వైద్యులు చెబుతారు. కారు అయితే బంపరు మొదట మోకాలి దిగువ తగులుతుంది. నళ్ల ఎముక విరుగుతుంది. తరువాత మనిషి బండి ముందరి భాగము మీద పడతాడు. తుంటికి, ప్రక్కటెముకలకు దెబ్బ. ఆ తరువాత నేల మీద పడతాడు. తలకు దెబ్బ. పిల్లవాడైతే పొట్టివాడు గనుక బంపరు తొడకే తగులుతుంది. లారీ ముఖము ఎత్తు గనుక పెద్దవారికి కూడ తుంటి, ఛాతీ ఒకేసారి నలుగుతాయి. నళ్ల ఎముక ముందువైపు చర్మము తప్ప కండ లేదు. మీ కాలిని మీరే తడవి చూచుకోండి. అందుచేత ఎముక విరిగిన వెంటనే చర్మమును చీల్చుకొని బయటకు వస్తుంది, మట్టి తగులుతుంది, చీము పడుతుంది. అటువంటి ఎముక అతుక్కోవడానికి మూడు నాలుగు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము కూడ పడుతుంది. ఆ లోపల కుట్లు విప్పించుకోవాలి, ఎక్సురే తీయించుకోవాలి, మోకాలు బిగుసుకోకుండ వంచుతూ ఉండాలి. చీము కారుతుంటే వెంటనే చూపించుకోవాలి. తలకు దెబ్బ తగిలిన వృద్ధులకు మరొక అపాయము కలదు. మొదటి దినము బాగానే మాట్లాడినవాడు రెండు మూడు వారముల తరువాత మత్తుగా, తికమకగా, ఒక ప్రక్క బలము తగ్గినట్లుగా మారవచ్చును. తలలో రక్తము మెల్లగా ఊరి మెదడును ఒత్తడమే కారణము. ఇంటివారు "ముసలితనము" అనుకొంటారు. సమయానికి తీసికొనిపోతే ఆ రక్తమును తీసివేసి మనిషిని నిలబెట్టవచ్చును.

ఇంతలో పుత్తూరు మాట ఎత్తకపోతే మన ప్రాంతపు చరిత్ర కానేరదు. చిత్తూరు వైపు పుత్తూరు ప్రక్కన ఎముకలు కట్టే కుటుంబము వారి పేరు రాయలసీమలోనూ తమిళ దేశములోనూ తెలియనివారు లేరు. ఎర్రగుంట్లలో మద్రాసు వైపు రైలు ఎక్కితే రేణిగుంట దాటిన తరువాత పుత్తూరు వస్తుంది గనుక మన వారికి ఆ దారి బాగా అలవాటు. ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ – ఇవి ఆ కట్టులోని సామానులు. చదువుకొన్నవారు ఈ మాట వినగానే ముఖము చిట్లిస్తారు. మేము అంత తొందరపడము. చర్మము చిట్లని సామాన్యమైన విరుగుడు కదలకుండ ఉంచితే అతుక్కొంటుంది. బద్ద వెదురుదైనా, పిండికట్టు అయినా ఎముకకు భేదము తెలియదు. ఎముక బయటకు వచ్చిన గాయమునకు, కీలు దగ్గర విరిగినదానికి, తుంటికి మాత్రము ఆ కట్టు పనికిరాదు. ఎవరు కట్టినదైనా కట్టు బిగువై వ్రేళ్లు చల్లబడి నల్లబడితే గంటల మీద కాలు పోతుంది. ఇది ఒప్పుకొంటూనే ఒక మాట చెప్పాలి. కట్టు వైద్యుడు కట్టు కట్టేటప్పుడే ఫలానా దినమున మరల రా, కట్టు మార్చాలి అని చెప్తాడు. మన వారు ఆ దినమును మరువరు. పంచాంగము చూచినట్లు చూచి మరీ పోతారు. అదే మనిషి పెద్దాసుపత్రి చీటీ మీద ఇంగ్లీషులో వ్రాసిన "ఆరు వారముల తరువాత రావలెను" అన్న మాటను ట్రంకుపెట్టెలో పెట్టి మరచిపోతాడు. తప్పు ఎవరిది? చీటీ వ్రాసినవారు చదివి వినిపించలేదు. విన్నవాడు అడుగలేదు.

పులివెందులలో 1973లో డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు తమ తండ్రిగారి పేరిట 70 పడకల ధర్మాసుపత్రిని స్థాపించారు. అంతకు ముందు కొంతకాలము ఆయన జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో వైద్యాధికారిగా పని చేశారు. రాజకీయముల సంగతి మన సంచికకు అక్కరలేదు. ఆ రెండు ఊళ్ల వైద్యమునకు అట్లు ఒక సంబంధము కలదని మాత్రము చెప్పుచున్నాము. కడపలో రిమ్స్ వైద్యకళాశాల 2006లో మొదలయినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలయిన 108 అంబులెన్సు క్రమముగా మన పల్లెలకు కూడ వచ్చినది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది. 2024 మార్చిలో పులివెందులలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి తెరిచారు. నులకమంచము మీద మోసుకొనిపోయిన కాలమును చూచినవారికి, ఫోను చేసిన కొంతసేపటికి దీపము వెలిగించుకొని బండి గుమ్మము ముందు నిలవడము చిన్న సంగతి కాదు. గాయములను చూడడము మన ప్రాంతపు వైద్యులకు ఎన్నడూ కొత్త కాదు గాని, ఆ బాంబుల కథ వేరు.

అయినా అంబులెన్సు ఒక్కవైపే నడుస్తుంది. ఆసుపత్రికి తీసికొనిపోతుంది. ఆరు వారముల తరువాత అదే కాలు చూపించుకోవడానికి పోవాలంటే మనిషి తన తిప్పలు తాను పడాలి. మేము దగ్గరనుండి చూచిన ఒకరి సంగతి వ్రాస్తాము. పేరు, ఊరు చెప్పము. గొర్రెలు కాచే పెద్దాయన. ఎర్రగుంట్ల దారిలో ప్రొద్దు గూకే వేళ మందను రోడ్డు దాటిస్తూ చివరి గొర్రె కోసము వెనుకకు తిరిగాడు. లారీ తగిలినది. గొర్రె దక్కినది, ఆయన నళ్ల ఎముక రెండు చోట్ల విరిగినది. జిల్లా దాటి ఒక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయారు. కడ్డీ వేశారు, మంచి పనే చేశారు. పన్నెండవ దినమున ఇంటికి పంపారు. మరల రావలసిన దినము చీటీ మీద వ్రాశారు.

ఆ దినము వచ్చినది. ఆయన బస్సు మెట్టు ఎక్కలేడు. ఆటో మాట్లాడితే రానుపోను రెండు వేల పైన అడిగారు. తోడు ఒకరు రావాలి, ఆ మనిషి కూలి పోతుంది. కొడుకు బెంగుళూరులో పని మీద ఉన్నాడు. "వచ్చే వారము పోదాములే" అన్నారు. వచ్చే వారము వర్షము. ఆ పైవారము గాయము అంచున కొంచెము చీము కనిపించినది. ఊరిలో సూది వేసే ఆయన మందు ఇచ్చాడు, తగ్గినట్లు తగ్గినది. నాలుగవ నెలలో కడ్డీ చుట్టూ చీము పట్టినదని తెలిసి మరల అదే ఆసుపత్రికి పోతే, లోపల ఎవరికి చూపాలో చెప్పేవారు లేక రెండు దినములు వరండాలో గడిపాడు. మొదటిసారి ఆపరేషను చేసిన డాక్టరు బదిలీ అయి వెళ్లిపోయారు. క్రొత్త డాక్టరుగారు పాత ఎక్సురే అడిగారు. ఆ ఎక్సురేను ఇంటివారు కిటికీకి గాలి రాకుండ అడ్డు పెట్టి ఉన్నారు! నవ్వు వస్తుంది. మేమూ నవ్వాము. తరువాత ఆ కిటికీ దగ్గర నిలబడి చూచినప్పుడు నవ్వు ఆగిపోయినది. దానిని దాచుకోవాలని వారికి ఎవరూ చెప్పలేదు. మేము కూడ చెప్పలేదు. మొదటి వారములో రొట్టెలు, చీనీకాయలు తీసికొనిపోయినవారిలో మేమున్నాము.

చట్టము ఏమి చేసినదో కూడ చూద్దాము. 1939 మోటారు వాహనముల చట్టము క్రింద ఎదుటివారికి కలిగే నష్టమునకు వాహనము భీమా చేయించడము 1946 జూలై 1 నుండి తప్పనిసరి అయినది. 1956 సవరణతో ప్రమాద నష్టపరిహార ట్రిబ్యునళ్లు వచ్చినవి. 1982లో తప్పు ఎవరిదైనా సరే కొంత సొమ్ము ఇవ్వాలన్న నిబంధన చేర్చారు. చనిపోతే 15,000 రూపాయలు, శాశ్వతముగా అంగవైకల్యము కలిగితే 7,500. పాత చట్టము పోయి 1988 చట్టము 1989 జూలై నుండి అమలయినది. అదే 1989 ఆగస్టులో పరమానంద కటారా కేసులో సుప్రీముకోర్టు, గాయపడినవానిని ముందు బ్రతికించాలి, పోలీసు కాగితముల కోసము వైద్యము ఆపరాదు అని తీర్పు ఇచ్చినది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే ఇచ్చే సొమ్మును 2022 ఏప్రిల్ నుండి చావుకు రెండు లక్షలు, తీవ్రమైన గాయమునకు 50,000 చేశారు. ఆ సంగతి మన గ్రామములలో తెలిసినవారు చాల తక్కువ. అదే ఏప్రిల్‌లో అమలయిన మరొక సవరణ, ట్రిబ్యునలుకు ఆరు నెలలలో పోవాలని గడువు పెట్టినది. మంచము మీదనున్న మనిషికి ఆరు నెలలు ఎంత త్వరగా పోతాయో మంచము మీద ఉన్నవారికే తెలియును.

2010లో రాజకుమార్ కేసులో సుప్రీముకోర్టు చెప్పిన సంగతి మా వ్యాసమునకు దగ్గరిది. ఎముక ఎంత శాతము చెడినదని మాత్రమే కాక, ఆ మనిషి చేసే పనికి అది ఎంత అడ్డు వచ్చినదో చూడాలి; ఇక ముందు కాబోయే వైద్యపు ఖర్చును కూడ లెక్కలో వేయవచ్చును. గుమాస్తాకు మోకాలు వంగకపోతే ఒక కష్టము. గొర్రెల కాపరికి వంగకపోతే బ్రతుకే పోయినట్లు. అయితే ఇది రుజువు చేయాలంటే చీటీలు కావాలి. మరల మరల చూపించుకొన్న దాఖలా కావాలి. తరువాతి వైద్యము సరిగా చేయించుకోనివాడు కాలు పోగొట్టుకొంటాడు, కాలికి రావలసిన పరిహారమూ పోగొట్టుకొంటాడు. ఆసుపత్రి వారు ఇచ్చిన కాగితము, మందుల బిల్లు, ఆటోవానికి ఇచ్చిన డబ్బు వ్రాసిన ముక్క – ఏదీ పారవేయరాదు. నూటికి నలభై శాతము వైకల్యము ఉన్నదని సదరం శిబిరములో ధ్రువపత్రము ఇస్తే పింఛనుకు దారి ఏర్పడుతుంది. ఆ శిబిరము తేదీ తెలిసికొని మనిషిని తీసికొనిపోవడము కూడ ఎవరో ఒకరు చేయవలసిన పనియే.

దారిలో పడిన మనిషిని ఆదుకొన్నవారిని పోలీసులు, ఆసుపత్రులు వేధించరాదని సుప్రీముకోర్టు 2016 మార్చి 30న ఉత్తరువిచ్చినది. 2019లో చట్టములోనే ఆ రక్షణ చేర్చారు. ఇంగ్లీషులో ఆ ఆదుకొన్నవానికి పెట్టిన పేరు మంచి సమరయుడు. కోర్టువారు మన పుస్తకము నుండి మాట అరువు తెచ్చుకొన్నారని మాలో ఒకరు సంతోషించారు. మేము లూకా సువార్త తీసి ఆ కథను మరల చదివాము. నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టిన సంగతి మనకు కంఠతా వచ్చును. ఆదివారపు బడి పటములలో కూడ అదే బొమ్మ. కథ అక్కడ ఆగలేదు. ఆయన అతనిని తన పశువు మీద ఎక్కించుకొని సత్రమునకు చేర్చాడు, ఆ రాత్రి దగ్గర ఉన్నాడు, మరునాడు పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారములు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనన్నాడు. తిరిగి వస్తాననడము – దానిని గురించి ఇన్నేళ్లలో మేము ఒక్క ప్రసంగమైనా వినలేదు. మాలో ప్రసంగము చేసేవారు కూడ ఉన్నారు గనుక ఈ తప్పు ఎవరి మీదనో నెట్టుట లేదు.

ప్రభుత్వములు కూడ ఈ రెండవ భాగమును మెల్లగా గుర్తించినవి. 2019 డిసెంబరులో మన రాష్ట్రములో ఆరోగ్య ఆసరా అని ప్రారంభించారు. ఆపరేషను అయి ఇంటికి వచ్చిన పేదవానికి విశ్రాంతి దినములకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండ ఇవ్వడము దాని ఏర్పాటు. అది మందులకు కాదు, పోయిన కూలికి. ఆ ఆలోచన చేసినవారు ఎవరో నులకమంచము ప్రక్కన కూర్చొని ఉండాలి. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము, రోడ్డు ప్రమాదములో గాయపడిన ఎవరికైనా లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టనక్కరలేని వైద్యము ప్రకటించినది. ఎన్ని దినములకు? ప్రమాదము జరిగిన నాటి నుండి ఏడు దినములకు. ప్రాణము నిలుపుటకు ఆ ఏడు దినములే ముఖ్యమని ఒప్పుకొంటాము. నళ్ల ఎముక మాత్రము ఏడు దినములలో అతుక్కోదు.

మన సంఘములలో పెద్దలు వేలూరు మాట ఎత్తకుండ వైద్యము గూర్చి మాట్లాడరు. ఆ వేలూరు వైద్యకళాశాలలోనే డాక్టరు మేరీ వర్గీస్ గారు ఉండేవారు. 1954లో కారు ప్రమాదములో వెన్నెముకకు దెబ్బ తగిలి ఆమె నడుము క్రింద చచ్చుపడినది. చక్రముల కుర్చీలో కూర్చొనియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత తమ వంటి వారి కోసము పునరావాస వైద్యము చదివి వచ్చారు. 1966లో వేలూరులో అందుకొరకు ప్రత్యేకముగా సంస్థ ఏర్పడినది. దెబ్బ మానిన తరువాత మనిషి లేవాలి, స్నానము చేయాలి, పని చేసికోవాలి, దానికి కూడ ఒక శాస్త్రమున్నది, గురువులున్నారు అన్న సంగతి దక్షిణ దేశమునకు తెలియడములో ఆమె పాత్ర పెద్దది. అక్కడ నేర్పే వాటిలో సగము మన ఇండ్లలో చేయదగినవే: రెండు గంటలకొకసారి ఒత్తిగిలబెట్టడము, మడమ క్రింద మెత్త, మోకాలు వంచే అభ్యాసము, మంచము ఎత్తు సరిచేయడము, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక కర్ర పాతడము. ఈ చివరిది మన ఊళ్లలో వడ్రంగి అరగంటలో చేసే పని. దాని కోసము ఏడాది పాటు బయలుకు పాకుతూ పోయినవారిని మేము చూశాము.

గొర్రెల కాపరి సంగతి తెలిసిన తరువాత మేము ఒక నోటుపుస్తకము పెట్టాము. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఇతర సంఘములవారు అడిగితే చెప్పడానికి వ్రాస్తున్నాము. అందులో నాలుగు గడులు: పేరు, దెబ్బ ఎక్కడ, మరల చూపించుకోవలసిన తేదీ, తోడు పోయేది ఎవరు. నాలుగవ గడి నిండనిదే ఆ ఆదివారము పుస్తకము మూయము. ప్రొద్దుటూరులో చంకకర్రలు రెండు జతలు, నడిచే చట్రము ఒకటి ఆలయపు వెనుక గదిలో ఉన్నవి. వాడినవారు తిరిగి ఇస్తారు, కొందరు ఇవ్వరు. మొదట కోపము వచ్చేది. పిమ్మట ఒక ఇంటికి వసూలుకు పోయి, ఆ కర్రలతో వారి ముసలి తల్లి వాకిట్లో నడుస్తుండగా చూచి తిరిగివచ్చాము. తేదీలు వ్రాయడములో మొదటి సంవత్సరము రెండు తప్పులు చేశాము. ఒకామెను ఆదివారము నాడు కడపకు తీసికొనిపోయాము, ఆనాడు బయటిరోగుల విభాగము మూసి ఉన్నది. ఆమె ఏమీ అనలేదు. హోటలులో ఇడ్లీ తిని అందరము తిరిగి వచ్చాము.

పెద్దాయనకు కడ్డీ తీసివేసి, చీము శుభ్రము చేసి, బయట ఇనుప చట్రము బిగించి పదకొండు నెలలు ఉంచారు. ఎనిమిదిసార్లు పోయి వచ్చాడు. ఆ ఎనిమిదిసార్లకు పుస్తకములో నాలుగవ గడిలో ఎనిమిది పేర్లున్నవి. కాలు ఒక అంగుళము పొట్టి అయినది. చెప్పు క్రింద తోలు అట్ట వేసి కుట్టినవాడు మన సంఘస్థుడే, డబ్బు తీసికోలేదు. మందను తమ్ముని కొడుకు కాస్తున్నాడు. పెద్దాయన సాయంకాలము కర్ర పట్టుకొని రోడ్డు అంచు వరకు వస్తాడు, గొర్రెలు దాటేవరకు చేయి ఎత్తి లారీలను ఆపుతాడు. తాను మాత్రము అవతలికి దాటడు.